బోరు కంటే ముందు నీటి జాడ
(పల్లె ఇంటికి మొబైల్ ఇంటర్నెట్ రూటరు ఎంచుకోవడం ఎలా?)

మెట్ట ఊళ్లలో పుట్టినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. బోరు వేయించే రైతు ముందుగా మోటారు కొనడు. నీరు ఎక్కడుందో, ఎంత లోతున ఉందో, ఎన్ని అంగుళాలు పడిందో తేలిన తరువాతనే ఎన్ని హార్స్‌పవర్ మోటారు కావాలన్న మాట వస్తుంది. నీళ్లు లేని బోరులో పది హార్స్‌పవర్ మోటారు దించినా పైకి వచ్చేది గాలే!

ఇంత తెలిసిన మేమే రూటరు విషయంలో తలకిందులుగా నడిచాం. నిరుడు మా చెల్లెలు ఇంటరు రెండో సంవత్సరంలో ఉండగా ఆన్‌లైన్ పరీక్షల కోసం ఒక రూటరు కొన్నాం. పెట్టె మీద 150 మెగాబిట్ల వేగమని రాసి ఉంది. అంతకుమించి మేమేమీ అడగలేదు. మిరపకాయ కోత కూలికని దాచిన డబ్బులోంచి నాయన తీసి ఇచ్చాడు. తీరా చూస్తే పాఠం ఆగి ఆగి వినిపించేది గాని, జవాబు పత్రం ఫోటో తీసి పంపబోతే కదిలేది కాదు. మూడు పరీక్షల్లో రెండింటికి గడువు దాటిపోయింది. "పెట్టె మంచిది కాదేమోరా" అన్నాడు నాయన. పెట్టెలో తప్పు లేదు. కొలవకుండా కొన్న మాది తప్పు. ఆ పైన సెలవుల్లో తెలుసుకున్న విషయాలను మన ఫిజిక్సు పాఠాలతో జోడించి ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాను.

రూటరు చేసే పని

ముందుగా ఒక మాట. మీ ఇంటిదాకా ఫైబరు తీగ ఇస్తామంటే రూటరు ఆలోచన మాని ఆ కనెక్షనే తీసుకోండి. గ్రామ పంచాయతీలన్నింటికీ ఫైబరు వేయాలనే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదం తెలిపింది. అదే నేటి భారత్‌నెట్. అయితే పంచాయతీ ఆఫీసుకు తీగ రావడం వేరు, ఊరి చివరి ఇంటికి రావడం వేరు. తీగ రాని ఇళ్లకు, చేలలో కట్టుకున్న ఇళ్లకు సిమ్ కార్డుతో పనిచేసే మొబైల్ రూటరే దిక్కు.

ఈ రూటరు రెండు చేతులతో పని చేస్తుంది. ఒక చేయి టవరును అందుకుంటుంది, రెండవది వై-ఫై ద్వారా ఇంట్లోని ఫోన్లకు అందిస్తుంది. ఫోను మీద కనిపించే వై-ఫై గీతలు ఈ రెండవ చేతి సంగతి మాత్రమే చెబుతాయి. వై-ఫై నిండుగా ఉన్నా టవరు అందకపోతే ఇంటర్నెట్ రాదు. మా ఇంట్లో జరిగింది ఇదే. "గీతలన్నీ ఉన్నాయి కదా!" అని నెల రోజులు మోసపోయాం.

సిగ్నలును కొలవడం

సిగ్నలు బలాన్ని డీబీఎం అనే కొలతతో చెబుతారు. ఒక మిల్లీవాటుతో పోల్చి చెప్పే లాగరిథమ్ కొలత ఇది. మనకు అందే శక్తి మిల్లీవాటులో కోట్లవ వంతుల్లో ఉంటుంది గనుక అంకె ఎప్పుడూ మైనస్‌లోనే వస్తుంది. మైనస్ 80 అంటే చక్కని సిగ్నలు. మైనస్ 95 దాకా హాయిగా పని జరుగుతుంది. మైనస్ 105 దాటితే ఇబ్బంది, 115 దాటితే ఆశ వదులుకోవడమే. 10 అంకెల తేడా అంటే శక్తిలో 10 రెట్లు, 20 అంకెల తేడా అంటే 100 రెట్లు అని మరువరాదు.

దీనికి పరికరమేదీ కొననక్కరలేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫోను వివరాలు, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే ఈ అంకె కనిపిస్తుంది. కొనదలచిన కంపెనీ సిమ్ వేసుకుని నడి ఇంట్లో, వసారాలో, డాబా నాలుగు మూలలా నిలబడి రాసుకోండి. ఒక్కో చోట రెండు నిమిషాలైనా ఆగాలి. మా ఇంట్లో నేను రాసుకున్నవి ఇవి: నడి గదిలో మైనస్ 114, కిటికీ దగ్గర 106, డాబా మీది మెట్లగది కిటికీలో 97, డాబా ఈశాన్య మూల 94. నడి గదికీ డాబా మూలకూ తేడా 20, అంటే 100 రెట్లు! మేము రూటరును పెట్టింది నడి గదిలో, టీవీ పక్కన.

ఈ తేడాకు కారణం గోడలూ స్లాబులోని ఇనుప చువ్వలూ. ఇనుప రేకుల ఇల్లయితే మరీ కష్టం, లోహం తరంగాలను వెనక్కి కొడుతుంది. టవరు దిక్కున మామిడి తోట గాని, జామాయిల్ తోట గాని ఉంటే ఆకులలోని నీరు కొంత శక్తిని మింగేస్తుంది. వాన పడి ఆకులు తడిసినప్పుడు ఇంకాస్త ఎక్కువ. అందుచేత ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి కొలవగలిగితే మంచిది.

బలంతో పాటు శుభ్రత కూడా చూడాలి. జాతరలో రెండు మైకులు ఎదురెదురుగా మోగుతుంటే రెండూ గట్టిగానే వినిపిస్తాయి గాని ఒక్క మాటా అర్థం కాదు. రెండు టవర్ల నడుమ ఉన్న ఇంటికీ అదే అవస్థ. దీన్ని ఎస్.ఐ.ఎన్.ఆర్. అనే అంకె తెలుపుతుంది. 20కి పైన ఉంటే చాలా మంచిది, సున్నాకు దిగువన ఉంటే మైకుల గోలే. రూటరు సెట్టింగుల పేజీలో ఇది సాధారణంగా కనిపిస్తుంది.

మరొక సంగతి. టవరు పదుల వాట్లతో మాట్లాడుతుంది, మన ఫోను గాని రూటరు గాని గరిష్ఠంగా సుమారు 0.2 వాటుతోనే జవాబు చెబుతుంది. టవరు మాట మనకు వినిపించినా మన మాట టవరుకు అందకపోవడం ఇందువల్లనే. పాఠం వినిపించి జవాబు పత్రం పోకపోవడానికి కారణం నాకు ఇక్కడ దొరికింది.

బ్యాండ్లు

టవరు ఏ పౌనఃపున్యంలో మాట్లాడుతుందో రూటరుకు ఆ పౌనఃపున్యం తెలిసి ఉండాలి. వీటినే బ్యాండ్లు అంటారు. మన దేశంలో 4జికి జియో ప్రధానంగా 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌లను వాడుతున్నది, అవి 5, 3, 40 నంబరు బ్యాండ్లు. ఎయిర్‌టెల్ 900, 1800, 2100, 2300లను వాడుతున్నది, అవి 8, 3, 1, 40. బి.ఎస్.ఎన్.ఎల్. 4జి 700, 2100లలో వస్తున్నది, అవి 28, 1. ఏ టవరు మీద ఏవి ఉన్నాయన్నది ఊరిని బట్టి మారుతుంది.

ఖాళీ జాగాలో, ఒకే రకం యాంటెన్నాలతో, పౌనఃపున్యం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతు అవుతుంది. పైగా తక్కువ పౌనఃపున్యపు తరంగం పొడవైనది. 700 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 43 సెంటీమీటర్లు, 2300ది 13 సెంటీమీటర్లు. పొడవైన తరంగం చెట్లనూ గోడలనూ కొంత సులువుగా దాటుతుంది. కనుక టవరుకు దూరపు పల్లెలో ఉన్నవారు తక్కువ అంకెల బ్యాండ్లు రూటరులో ఉన్నాయో లేదో తప్పక చూడాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన రూటరులో మన 3, 40 బ్యాండ్లు లేకపోవచ్చు. ఒకే కంపెనీ సిమ్‌కు తాళం వేసిన రూటరైతే రేపు కంపెనీ మారే వీలుండదు. ఈ రెండూ దుకాణంలోనే అడగాలి.

5జి మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది. అందులో ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ వేగంలో మేటి, దూరంలో కాదు. మీ డాబా మీద 5జి ఫోనులో 5జి నిలకడగా వస్తేనే 5జి రూటరుకు డబ్బు పెట్టండి. పెట్టె మీది అక్షరం చూసి కాదు.

పెట్టె మీది వేగం

150 మెగాబిట్లు అని ఉంటే అది కేటగిరీ 4 రూటరు. ఒకేసారి ఒక్క బ్యాండునే అందుకుంటుంది. కేటగిరీ 6 రూటరు రెండు బ్యాండ్లను కలిపి 300 దాకా పోగలదు. రెండు కాలువల నీళ్లు ఒకే మడిలోకి పారించినట్లన్నమాట. ఈ వేగాలన్నీ ఆదర్శ పరిస్థితిలోవి. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, 150 మెగాబిట్లంటే సెకనుకు 19 మెగాబైట్ల లోపే. టవరు వేగాన్ని ఊరంతా పంచుకుంటుంది. రాత్రి ఏడు నుంచి పది దాకా అందరూ సినిమాలు చూసే వేళ కాలువ చివరి పొలానికి నీరు అందనట్లే మనకూ అందదు. సిగ్నలు మైనస్ 85 ఉన్నా రాత్రిపూట వేగం పడిపోతుంటే ఏ రూటరూ దాన్ని బాగు చేయలేదు. వేరే కంపెనీ సిమ్ పెట్టి చూడటమే మార్గం.

యాంటెన్నా, తీగ, కరెంటు

ఇంట్లో సిగ్నలు లేక డాబా మీద ఉంటే రెండు మార్గాలు. ఒకటి, యాంటెన్నాను డాబా మీద పెట్టి కేబులుతో కింది రూటరుకు కలపడం. ఇందులో చిక్కుంది. సన్నని కేబులు పది మీటర్లు లాగితే వచ్చిన శక్తిలో ఐదింట నాలుగు వంతులు దారిలోనే పోవచ్చు. గండి పడిన కాలువ లాంటిది. రెండవది, రూటరునే పైన పెట్టి ల్యాన్ కేబులును కిందికి దించడం. ల్యాన్ కేబులు 100 మీటర్ల దాకా బాగా పనిచేస్తుంది. ఆరుబయట బిగించే రూటర్లు ఇందుకే వస్తున్నాయి, వాటికి కరెంటు కూడా అదే కేబులులో పోతుంది. మామూలు రూటరును మాత్రం ఎండకూ వానకూ వదలరాదు.

చాలా రూటర్లు 12 వోల్టులతో నడుస్తాయి. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 84 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. 6 వాట్లు లాగే రూటరుకు లెక్క ప్రకారం 14 గంటలు, ఆచరణలో పది గంటలైనా వస్తుంది. రూటరు వెనుక వోల్టేజీ చూసి దానికి సరిపడే చిన్న యు.పి.ఎస్. పెట్టుకుంటే కరెంటు పోయినా పరీక్ష ఆగదు. డాబా మీది యాంటెన్నా గొట్టానికి ఎర్తు తప్పనిసరి. ఉరుములు మొదలైతే తీగలు పీకేయాలి.

"బూస్టరు" అని అమ్మే రిపీటర్ల జోలికి పోవద్దు. అనుమతి లేనివి పెట్టడం చట్టవిరుద్ధం. అంతేకాదు, అవి చేసే రొదకు టవరు చెవులు మూసుకుపోయి ఊరందరి ఫోన్లూ చెడుతాయి. మన ఇంటి మడి తడుపుకోడానికి ఊరి కాలువకు గండి కొట్టవచ్చునా?

చివరగా

ఇంతకీ మేము కొత్త రూటరు కొనలేదు. ఆ పాత పెట్టెనే మెట్లగది కిటికీలో, ఎండ తగలని చోట, టవరు వైపు పెట్టాం. ల్యాన్ కేబులు కిందికి లాగి, వాడకుండా పడి ఉన్న ఒక వై-ఫై పెట్టెకు కలిపాం. మైనస్ 114 కాస్తా 97 అయింది, అంటే 50 రెట్ల శక్తి. ఖర్చు కేబులుకే. ఆ తరువాతి పరీక్షకు చెల్లెలి జవాబు పత్రం గడువుకు ముందే పోయింది. పోయిన ఆ రెండు పరీక్షల మార్కులు మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి మిత్రులారా, వరుస ఇది: మొదట తీగ వస్తుందేమో అడగడం, తరువాత రెండు మూడు కంపెనీల సిమ్‌లతో ఇల్లంతా కొలవడం, రాత్రివేళ వేగం చూడటం, రూటరు ఎక్కడ పెట్టాలో తేల్చడం, ఆ చోట వచ్చే బ్యాండ్లకు సరిపడే పెట్టె చూడటం. డబ్బు తీయడం అన్నిటికంటే చివర.

కొలిచిన అంకెల కాగితం చూపించి నాయనకు ఇదంతా వివరిస్తే ఆయన ఒక్క మాటన్నాడు: "నీటి జాడ చూడకుండా బోరు వేశాం, అంతేగా?" అంతే. ఈ సెలవులకు ఇంటికి వెళ్లే మిత్రులలో ఒక్కరైనా డబ్బు తీసే ముందు ఫోను పట్టుకుని డాబా ఎక్కితే నా ఈ చిన్న ప్రయత్నం ఫలించినట్లే.