అంచు లేని వస్తువుకు కొలత

వంకరటింకర వస్తువు ఘనపరిమాణం తెలుసుకొనడానికి నీటిని మించిన సాధనం లేదు. నిండు పాత్రలో వస్తువును ముంచి, పొర్లిన నీటిని కొలిస్తే చాలు. సిరాక్యూస్ రాజు కిరీటం విషయంలో ఆర్కిమెడీస్ ఈ ఉపాయమే పన్నాడని ప్రతీతి. అయితే ముంచడానికి వస్తువు చేతికి చిక్కాలి. దానికొక అంచు ఉండాలి. ఈ రెండూ లేని వస్తువులను కొలవవలసిన అగత్యం ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞులకు ఏర్పడింది.

విశ్వాన్ని ప్రయోగశాలలోనికి తెచ్చుకొనడం అసాధ్యం గనుక వారు దానిని కంప్యూటరులో అనుకరిస్తారు. 2005లో వెలువడిన 'మిలీనియం' అనుకరణ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. జర్మనీలోని గార్షింగ్‌లో ఒక సూపర్ కంప్యూటరు నెల రోజులకు పైగా శ్రమించి, భుజం 200 కోట్ల కాంతి సంవత్సరాలకు మించిన ఘనంలో వేయి కోట్లకు పైగా కణాలను గురుత్వాకర్షణ నియమానుసారం నడిపించింది. ఒక్కొక్క కణం ద్రవ్యరాశి సుమారు వంద కోట్ల సూర్యులకు సమానం. దానిని కణమనడం కొంత వింతగానే తోస్తుంది. తొలుత దాదాపు సమంగా పరచుకొన్న ఈ కణాలు క్రమంగా గుంపులు కట్టి, తీగలుగా సాగి, పొరలుగా విస్తరిస్తాయి. కాని కంప్యూటరు అందించేది కేవలం అంకెల పట్టిక: ఏ కణం ఎక్కడ ఉన్నది, ఎంత వేగంతో కదులుతున్నది. ఒక గుంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ పట్టికలో ఉండదు.

అంచును నిర్ణయించడానికి 1980ల నుండి వాడుకలో ఉన్న పద్ధతి పేరు 'మిత్రుల మిత్రులు'. రెండు కణాలు నియమిత దూరం కంటె దగ్గరగా ఉంటే అవి మిత్రులు. మిత్రుని మిత్రుడు కూడా ఆ గుంపులోని వాడే. మిలీనియం అనుకరణలో కణాల మధ్య సగటు దూరం సుమారు పది లక్షల కాంతి సంవత్సరాలు. అందులో ఐదవ వంతును స్నేహానికి హద్దుగా పెట్టుకొన్నారు. ఈ పద్ధతికి ఆకారంతో నిమిత్తం లేదు. అదే దీని బలం, బలహీనత కూడా. రెండు ఊళ్ల నడుమ దారి వెంట నాలుగు ఇళ్లు వెలియగానే రెంటినీ ఒకే ఊరుగా లెక్క రాసినట్లు, సన్నని కణాల వంతెన ఒకటి ఉంటే చాలు, రెండు వేర్వేరు గుంపులు ఒకటిగా నమోదవుతాయి.

మరొక పద్ధతిలో మిక్కిలి సాంద్రమైన బిందువు చుట్టూ గోళం గీస్తారు. లోపలి సగటు సాంద్రత విశ్వ సందిగ్ధ సాంద్రతకు 200 రెట్లయ్యే వరకు దానిని పెంచుతారు. ఇది సులభమే గాని ఇందులోనూ చిక్కు లేకపోలేదు. విశ్వం వ్యాకోచించే కొద్దీ ఆ ప్రమాణ సాంద్రతే తగ్గిపోతుంది. గోడ మీది గీతను కిందికి దించితే పిల్లవాడు పొడవు పెరిగినట్లు కనిపిస్తాడు. అట్లే కొత్తగా ఒక్క కణమైనా వచ్చి చేరకున్నా గుంపు ద్రవ్యరాశి పెరిగినట్లు లెక్క తేలుతుంది. 2013లో ముగ్గురు పరిశోధకులు దీనికి 'మిథ్యా పరిణామం' అని అర్థం వచ్చే పేరు పెట్టి వివరించారు. ఇది అల్పమైన విషయం కాదు. ఎంతెంత ద్రవ్యరాశి గల గుంపులు ఎన్నెన్ని ఉన్నాయో లెక్కించి, విశ్వంలో పదార్థం మొత్తమెంతో అంచనా కడతారు. కొలత తప్పితే ఆ అంచనా తప్పుతుంది.

ఇక ఆకారం సంగతి. జడత్వ భ్రామకాల సహాయంతో గుంపును మూడు అక్షాలు గల కోడిగుడ్డు వంటి రూపంగా భావించడం పాత పద్ధతి. ఒంటరి గుంపులకు ఇది సరిపోతుంది. వంపులు తిరిగిన తీగలకు మాత్రం పనికిరాదు. చుట్టచుట్టి పెట్టిన తాడును ఈ పద్ధతిలో కొలిస్తే అది పళ్లెమని తేలుతుంది!

ఈ లోపాన్ని సవరించిన వారిలో పుణెలోని 'అయూకా' సంస్థకు చెందిన వరుణ్ సాహ్ని ఒకరు. ఆయన సత్యప్రకాశ్, షాండరిన్‌లతో కలిసి 1998లో 'షేప్‌ఫైండర్లు' అనే కొలతలను ప్రతిపాదించాడు. వస్తువు ఘనపరిమాణం, ఉపరితల వైశాల్యం, ఉపరితలమంతటా కూడిన సగటు వక్రత అనే మూడింటి నిష్పత్తుల నుండి మందం, వెడల్పు, పొడవు రాబడతారు. గోళానికి ఈ మూడూ దాని వ్యాసార్ధానికే సమానం. పది మీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వ్యాసార్ధం గల తాడుకు మందం ఒకటిన్నర సెంటీమీటర్లు, వెడల్పు రెండు సెంటీమీటర్లు, పొడవు రెండున్నర మీటర్లు వస్తాయి. పది మీటర్లు రెండున్నర అయిందేమని ఆశ్చర్యపడనక్కరలేదు. గోళాన్ని ప్రమాణంగా తీసుకొన్నందువల్ల వచ్చిన తేడా అది. గమనించవలసినవి వాటి నిష్పత్తులు. మందం, వెడల్పు దగ్గరగా ఉండి పొడవు మిక్కుటమైతే అది తీగ. మందం ఒక్కటే స్వల్పమైతే అది పొర. తాడును సాగదీసినా, మడతలు పడకుండా చుట్టినా ఈ విలువలు దాదాపు మారవు.

ఉపరితలమే లేని కణరాశికి ఈ లెక్క ఎట్లా? ముందుగా కణాలను సాంద్రతగా మార్చి, ఒకే సాంద్రత గల బిందువుల మీదుగా చిన్న చిన్న త్రిభుజాలతో తొడుగు అల్లుతారు. ఏ సాంద్రతను ఎన్నుకోవాలన్న ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. ఎక్కువదాన్ని ఎన్నుకొంటే విడివిడి దీవులు కనిపిస్తాయి. తగ్గిస్తూ పోతే ఒక దశలో అవి ఒకదానితో ఒకటి కలిసి, ఘనమంతటా అల్లుకొన్న వలగా మారతాయి. పరిశోధకులు ఆ సంధి దశను ఎన్నుకొని కొలిచినప్పుడు, మహాగుచ్ఛాలలో పెద్దవే అధికంగా తీగ రూపం దాల్చి ఉన్నట్లు తేలింది.