నల్లమల నడకకు ముందు

దుర్గి పేరు చెప్పగానే బయటి ప్రాంతాల వారికి జ్ఞాపకం వచ్చేది ఇక్కడి రాతి శిల్పం. శిల్పి ఉలి పట్టే ముందు రాతిని నాలుగు వైపులా చూస్తాడు; పగులు ఎక్కడ ఉన్నదో గమనిస్తాడు; గీత గీసుకుంటాడు. మొదటి దెబ్బ పడేది ఆ పిదపనే. ఈ క్రమం ప్రతిరోజూ కళ్ళారా చూస్తూ కూడా మేము గత సంవత్సరం గీత గీయకుండానే పనికి పూనుకున్నాము. దాని ఫలితమే ఈ వ్యాసం.

డిసెంబరు నెలలో ఒక ఆదివారం నాడు మా అధ్యయన బృందం ఊరికి సమీపాన ఉన్న రాతి గుట్టలపైకి అభ్యాస నడకకు వెళ్ళినది. విద్యార్థులు ఇరవై ఎనిమిది మంది, అధ్యాపకులు ఇద్దరు. బయలుదేరే ముందు నీటి సీసాలు లెక్కించి, నలభై ఉన్నవని తృప్తిపడినాము. వాటిలో అధిక భాగం అర లీటరు సీసాలని గమనించలేదు. పదకొండు గంటలకే నీరు అయిపోయినది. ఒంటిగంట వేళకు మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకతె కళ్ళు తిరిగి కూలబడినది. ఆ దారిన వచ్చిన గొర్రెల కాపరి తన డబ్బాలోని నీరు ఆమెకు త్రాగించి, మా వైపు తిరిగి, "నీళ్ళు లేకుండా గుట్టెక్కేదేందయ్యా, ఇంతమంది పిల్లల్ని తీసుకొని?" అని అడిగినాడు. మా వద్ద సమాధానం లేకపోయినది.

కళాశాల కమిటీ పెద్దలు మమ్ములను నిందించలేదు. అయితే నల్లమల అడవిలో ఒక రోజు నడకకు మేము పెట్టుకొన్న అర్జీని ప్రక్కన ఉంచి, "ముందు ప్రణాళిక వ్రాసి చూపండి" అన్నారు. అది న్యాయమైన మాట. కనుక ఈ కొద్ది నెలలలో చదివి, విచారించి తెలుసుకొన్న విషయములను కమిటీ వారి ముందు, తోటి విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

మనము వెళ్ళదలచిన అడవి ఏది?

ప్రపంచంలో మొట్టమొదటి జాతీయోద్యానముగా పేరొందినది 1872లో అమెరికాలో ఏర్పడిన ఎల్లోస్టోన్. మన దేశంలో మొదటిది 1936లో హేలీ పేరుతో ఏర్పడి, నేడు జిమ్ కార్బెట్ పేరుతో పిలువబడుతున్నది. మన రాష్ట్రంలో శేషాచలం కొండలలోని శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానం, గోదావరి తీరాన పాపికొండ జాతీయోద్యానం ప్రసిద్ధమైనవి. అయితే పల్నాటి వారికి చేరువలో ఉన్న మహారణ్యం నల్లమల. ఇది చట్టప్రకారం జాతీయోద్యానం కాదు. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం, పులుల సంరక్షణ కేంద్రం.

ఈ అభయారణ్యం 1978లో ప్రకటింపబడినది. 1973లో ఆరంభమైన ప్రాజెక్టు టైగర్ పథకంలోకి ఇది 1983లో చేరినది. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల సంరక్షణ కేంద్రమైనది. దక్షిణ భాగం మనకు మిగిలినది. ఈ పేర్ల భేదం తెలుసుకోవడం ప్రణాళికలో మొదటి పాఠం. ఏలనగా, పులుల సంరక్షణ కేంద్రంలో పులికి ప్రత్యేకించిన నడిగర్భ ప్రాంతం వేరు, దానిచుట్టూ ఉన్న అంచు ప్రాంతం వేరు. మన ఇష్టం వచ్చినచోట దిగి నడవడానికి అక్కడ వీలు లేదు. వాహనాలు అనుమతించే చోట వాహనంలోనే చూడాలి. నడకకు అటవీశాఖ అంగీకరించిన దారిలోనే నడవాలి.

అనుమతి

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షను అభయారణ్యంలో ప్రవేశాన్ని నియంత్రిస్తుంది. 28వ సెక్షను ప్రకారం వన్యప్రాణుల అధ్యయనం, ఛాయాచిత్రణ, శాస్త్ర పరిశోధన, పర్యటన వంటి పనులకు అనుమతి పొందవచ్చును. నిప్పు పెట్టరాదని 30వ సెక్షను, ఆయుధంతో ప్రవేశించరాదని 31వ సెక్షను చెబుతున్నవి. ఈ నాలుగింటిని నడకకు వచ్చే ప్రతి విద్యార్థి ముందుగా చదవాలని మా ప్రతిపాదన.

అర్జీ అటవీశాఖ డివిజను కార్యాలయానికి, ప్రిన్సిపాలుగారి సంతకంతో, కనీసం నెల రోజుల ముందు చేరవలెను. అందులో బృందంలోని వారి పేర్లు, ఉద్దేశం, తేదీ, వాహనం వివరాలు, బాధ్యులైన అధ్యాపకుల పేర్లు స్పష్టంగా ఉండాలి. నడకకు అనుమతి రానిచో వాహన పర్యటనతో సరిపెట్టుకుంటామని అర్జీలోనే వ్రాయడం మంచిది. దొరికిన అనుమతిని మించి ఒక్క అడుగు కూడా వేయరాదు.

తల్లిదండ్రుల అంగీకారపత్రం ఉర్దూ, తెలుగు రెండింటిలోనూ ఉండాలి. చదువురాని తల్లి వేలిముద్ర వేయవలసి వస్తే, ముందు ఆ పత్రం ఆమెకు చదివి వినిపించాలి. తన బిడ్డ ఎక్కడికి, ఎవరితో వెళుతున్నదో, ఏ వేళకు తిరిగి వస్తుందో తెలియకుండా వేసిన ముద్రకు విలువ లేదు. విద్యార్థినులు వచ్చే ప్రయాణంలో అధ్యాపకురాలు ఒకరు తప్పక ఉండాలి.

ఏ కాలంలో వెళ్ళాలి?

నల్లమలది ఆకురాల్చే పొడి అడవి. టేకు, నల్లమద్ది, చిరుమాను, నారేపి, తునికి, ఇప్ప, వెదురు ఇందులో విరివిగా కనిపిస్తాయి. మాఘమాసం దాటిన పిదప ఆకు రాలి నీడ తగ్గుతుంది. వాగులు ఎండి మడుగులు మాత్రం మిగులుతాయి. ఎండుగడ్డి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తున్నట్లుంటుంది. మార్చి నుండి మే వరకు అక్కడ పగటి నడక విద్యార్థులకు తగదు. జూలై నుండి సెప్టెంబరు వరకు వానల కారణంగా పులుల సంరక్షణ కేంద్రాలలో సందర్శన సాధారణంగా నిలిపివేస్తారు. మిగిలినవి నవంబరు నుండి ఫిబ్రవరి మధ్య వరకు ఉన్న చల్లని రోజులు.

ఆ రోజులలోనూ మన కళాశాలకు మరికొన్ని లెక్కలున్నవి. రంజాన్ మాసం ప్రతి సంవత్సరం సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో అది ఫిబ్రవరి మూడవ వారంలో వచ్చినది. ఉపవాసం ఉన్నవారిని ఎండలో కొండ ఎక్కించరాదు. శుక్రవారం ప్రార్థనకు భంగం కలుగని రోజు చూడాలి. శివరాత్రి, ఉగాది దినాలలో శ్రీశైలం వైపు దారులన్నీ భక్తులతో నిండి ఉంటాయి. పరీక్షల తేదీలు చూడాలి. ఇవన్నీ తీసివేయగా డిసెంబరు, జనవరి నెలలలో కొద్ది రోజులే మిగులుతాయి. ఆ రోజులను విద్యా సంవత్సరం ఆరంభంలోనే గుర్తించాలి.

దారి, సమయం

మాచర్ల నుండి యర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరవచ్చును. అక్కడినుండి ఒక దారి శ్రీశైలానికి, మరొకటి ఆత్మకూరు వైపు అడవిగుండా పోతుంది. ఆత్మకూరు దారిలో బైర్లూటి ఉన్నది. బైర్లూటి, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి ప్రాచీనమైన కాలిబాట ఉన్నది. రాయలసీమ, కర్ణాటక ప్రాంతాల యాత్రికులు నేటికీ పండుగ దినాలలో ఆ బాటన నడుస్తారు. పదునాలుగవ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించిన సంగతి చరిత్ర విద్యార్థులు ఎరిగినదే. మనము 'మజిలీ' అని వాడే తెలుగు మాట 'మంజిల్' అను మాట నుండి వచ్చినది. ఒక రోజులో ఎంత నడవగలమో అంతకే మజిలీ నిర్ణయించడం పూర్వుల పద్ధతి. ఆ బాట మొత్తం మా లక్ష్యం కాదు. అటవీశాఖ అంగీకరించినంత మేర, తెల్లవారి వెళ్ళి పగలే తిరిగి వచ్చే చిన్న నడక చాలును.

నడకకు పట్టే కాలాన్ని లెక్కించడానికి 1892లో నైస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పినాడు. దాని సారం: గంటకు సుమారు 5 కిలోమీటర్లు; ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా ఒక గంట. ఉదాహరణకు రానుపోను 12 కిలోమీటర్ల దారిలో 300 మీటర్ల ఎక్కుడు ఉన్నదనుకుందాము. నడకకు 2 గంటల 24 నిమిషాలు, ఎక్కుడుకు 30 నిమిషాలు, వెరసి 2 గంటల 54 నిమిషాలు. ఇది అలవాటుపడిన వాని లెక్క. అలవాటులేని పెద్ద బృందానికి సగం కలుపుకోవాలి. అప్పుడు సుమారు 4 గంటల 20 నిమిషాలు. విశ్రాంతికి 40 నిమిషాలు, భోజనానికి 45 నిమిషాలు చేర్చితే 5 గంటల 45 నిమిషాలు. ఉదయం 7 గంటలకు మొదలుపెడితే మధ్యాహ్నం పావు తక్కువ ఒంటిగంటకు తిరిగి రాగలము.

బృందపు వేగమంటే అందరికన్నా మెల్లగా నడిచే వాని వేగమని మరువరాదు. అతనిని ముందు నడిపించి, అధ్యాపకులలో ఒకరు చిట్టచివర నడవాలి. పదిన్నర గంటలకు సగం దారి చేరకపోతే, గమ్యం కనుచూపు మేరలో ఉన్నా వెనుకకు తిరగాలి. ఈ గడియను ముందే నిర్ణయించాలి. కొండమీద అలసటలో, ఉత్సాహంలో చేసే నిర్ణయం నమ్మదగినది కాదు. డిసెంబరులో సాయంత్రం ఆరు గంటల లోపే సూర్యుడు అస్తమిస్తాడు. దోర్నాల–శ్రీశైలం దారిలో రాత్రివేళ వాహనాలను అనుమతించరు. కనుక వాహనం అడవి దాటే వేళను కూడా కాగితం మీద వ్రాసుకోవాలి. లోయలలో చరవాణి పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ప్రణాళిక ప్రతి ఒకటి కళాశాలలో, మరొకటి అటవీ తనిఖీ కేంద్రంలో ఉంచాలి.

నీరు

మా తప్పు జరిగినది ఇక్కడే గనుక దీనిని వివరంగా చెబుతున్నాము. చల్లని రోజున నడిచే మనిషికి గంటకు సుమారు అర లీటరు నీరు కావాలి. ఎండ హెచ్చితే ఇంకా ఎక్కువ. ఆరు గంటలకు మూడు లీటర్లు. ముప్పది మందికి 90 లీటర్లు, అత్యవసరానికి మరొక 10. మొత్తం నూరు లీటర్లు. గత సంవత్సరం మేము తీసుకొని వెళ్ళినది ఇరువది లీటర్లకు కొంచెం ఎక్కువ! నూరు లీటర్లంటే నూరు కిలోల బరువు. అందుచేత ఎవరి మూడు లీటర్లు వారే మోయాలి; అదనపు పది లీటర్లను బలమైనవారు వంతులవారీగా మోయాలి. బయలుదేరే ముందు సీసాలను కాక లీటర్లను లెక్కించాలి. వాగులో నీరున్నదని ఎవరైనా చెప్పినా లెక్క మార్చరాదు. ఆ మడుగు జంతువులది. ఆ నీరు మనకు సురక్షితమన్న హామీ కూడా లేదు.

జంతువులు

పులి కనిపిస్తుందా అని విద్యార్థులు అడుగుతారు. కనిపించకపోవడమే మామూలు. చుక్కల దుప్పి, కణుజు, అడవిపంది కనిపిస్తే అదృష్టం. నడిచేవారు ఎక్కువ జాగ్రత్త వహించవలసినది ఎలుగుబంటి విషయంలో. దానికి చూపు మందం. హఠాత్తుగా ఎదురుపడితే బెదరి మీదికి వస్తుంది. వెదురు పొదల మలుపులలో మార్గదర్శకుని వెనుకనే, గుంపుగా, విడిపోకుండా నడవాలి. పాము కరిచినచో కోయడం, గట్టిగా కట్టడం, నాటువైద్యం పనికిరావు; ఆ అవయవాన్ని కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఏ ఆసుపత్రిలో విరుగుడు మందు ఉన్నదో ముందే విచారించి వ్రాసుకోవాలి.

అడవిలోని మనుషులు

నల్లమల చెంచుల ఇల్లు. వారి నివాసాన్ని 'పెంట' అంటారు; అడవిలో పెంట అనే మాటతో ముగిసే ఊరిపేర్లు వారి ఉనికికి సాక్ష్యం. హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రవేత్త వారిమధ్య జీవించి వ్రాసిన గ్రంథం 1943లో వెలువడినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిపై ఆధారపడిన ఇటువంటి గిరిజనుల హక్కులను గుర్తించినది. కేరళలోని పెరియార్ అడవిలో ఒకప్పుడు దొంగచాటుగా అడవిని కొల్లగొట్టినవారే నేడు సందర్శకులకు దారి చూపుతూ దానిని కాపాడుతున్నారు. పుట్టుకతోనే అడవిని ఎరిగిన చెంచులను మించిన గురువులు మనకు ఎక్కడ దొరుకుతారు?

కనుక మార్గదర్శకుని కూలి ఖర్చుల పట్టికలో మొదటి పద్దుగా ఉండాలి. అడుగకుండా వారిని ఫోటో తీయరాదు; గుడిసెలలోకి తొంగిచూడరాదు; పిల్లలకు మిఠాయిలు విసరరాదు. అక్కడ అతిథులము మనము.

కమిటీ వారికి మనవి

మేము కోరుతున్నది ఇది: అటవీశాఖ వ్రాతపూర్వకమైన అనుమతి వచ్చిన పిదపనే ప్రయాణం, ముప్పది మందికి మించని బృందం, అంతకు ముందు రెండు అభ్యాస నడకలు, మనిషికి మూడు లీటర్ల నీరు, పదిన్నరకు తిరుగు గడియ, తిరిగి వచ్చిన వారంలోగా చూచిన చెట్లు, పక్షులు, అడుగుజాడలు, చేసిన పొరపాట్లతో ఉర్దూ, తెలుగు భాషలలో నివేదిక. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ ఉదయమే ప్రయాణం ఆపివేసే అధికారం కమిటీ వారికి ఉండాలి.

కళ్ళు తిరిగి పడిపోయిన ఆ విద్యార్థిని ఈ సంవత్సరం కూడా తన పేరు ఇచ్చినది. నీటి పట్టిక తయారుచేసినది ఆమెయే. ప్రతి సీసా మీద లీటర్ల అంకె వ్రాయించే బాధ్యత కూడా తానే తీసుకొన్నది. ఆ గొర్రెల కాపరి మరల ఎదురై అదే ప్రశ్న అడిగితే, ఈసారి మా తరఫున ఆమె సమాధానం చెప్పగలదు.