ఎదురుచూసిన ఏళ్లే పెట్టుబడి: ఒలీవియా కోల్మన్ కెరీర్ చెప్పే సంగతులు

చదువు పూర్తయిన రోజుకీ, కోరుకున్న రంగంలో కుదురుకున్న రోజుకీ మధ్య కొన్నేళ్లు గడుస్తాయి. కెరీర్ పుస్తకాలు వాటి గురించి పెద్దగా మాట్లాడవు. ఏ కోర్సు చదవాలో చెబుతాయి, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో చెబుతాయి. ఈలోగా ఇల్లెలా గడవాలి, అప్పుడు చేసే చిన్నాచితకా పనులు రేపు ఎందుకు పనికొస్తాయి అన్నది మాత్రం ఎవరికి వారే తేల్చుకోవాలి. ఈ ప్రశ్నతో నా దగ్గరికొచ్చే విద్యార్థులకు ఇంగ్లండ్ నటి ఒలీవియా కోల్మన్ గురించి చదవమంటాను. ఆమె 1999లో డ్రామా స్కూల్ నుంచి బయటికొచ్చారు. ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నది 2019లో, 45 ఏళ్ల వయసులో.

ఆమె 1974లో నార్విచ్‌లో పుట్టారు. తల్లి నర్సు, తండ్రి సర్వేయర్. పదహారేళ్లప్పుడు స్కూలు నాటకంలో ప్రధాన పాత్ర వేసి, నటన మీద ఇష్టం పెంచుకున్నారు. అయినా చేరింది మాత్రం కేంబ్రిడ్జ్‌లోని హోమర్టన్ కాలేజీలో, ప్రాథమిక పాఠశాల టీచర్ శిక్షణకు. అక్కడ ఉన్నది ఒక్క టర్మ్. ఆ కొద్ది కాలంలోనే విద్యార్థుల నాటక సంఘం ఫుట్‌లైట్స్‌కు ఆడిషన్ ఇచ్చారు. 1883 నుంచి నడుస్తున్న సంఘం అది. ఎమ్మా థాంప్సన్, హ్యూ లారీ వంటివాళ్లు అందులోంచే వచ్చారు. డేవిడ్ మిచెల్, రాబర్ట్ వెబ్ అనే ఇద్దరు కుర్రాళ్లతో ఆమెకు పరిచయమైంది అక్కడే.

ఇక్కడ ఒక హెచ్చరిక. కోర్సు మధ్యలో మానేసి పైకొచ్చారన్న కథలంటే మన కుర్రకారుకు మోజు ఎక్కువ. కోల్మన్ టీచర్ శిక్షణ మానేశారు గానీ చదువు మానలేదు. బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో చేరారు. 1946లో మొదలైన ఆ సంస్థలో సీటు రావాలంటే ఆడిషన్‌లో నెగ్గాలి. గొంతు, ఒళ్లు, సంభాషణ, మూడింటినీ అక్కడ సాధన చేయిస్తారు. ఒక దారి వదిలేశారంటే అంతకంటే కష్టమైన దారి ఎంచుకున్నారన్నమాట. ఈ రెండో సగం వదిలేసి చెప్పేవాళ్ల మాట వినకండి.

  

శిక్షణ పూర్తయ్యాక అవకాశాలు వరస కట్టలేదు. ఇళ్లు శుభ్రం చేసే పని చేశారు, ఆఫీసుల్లో తాత్కాలిక సెక్రటరీగా చేశారు. ఆస్కార్ వేదిక మీద ఆమె ఆ క్లీనర్ పనిని తలుచుకుని, అదంటే తనకెంతో ఇష్టమని, ఆ పని చేస్తూనే ఈ క్షణాన్ని ఊహించుకునేదాన్నని చెప్పారు. ఆ ‘ఇష్టం’ అన్న మాట నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. డిగ్రీ చదివిన పిల్ల అలాంటి పనికి వెళితే మన ఇళ్లల్లో నలుగురికీ తెలియకుండా దాచిపెడతారు. దాచాల్సింది అందులో ఏముంది? పూట గడవాలి, ఆడిషన్ ఉందని కబురొస్తే వెళ్లే వీలుండాలి, సాయంత్రానికి బుర్రలో కాస్త ఖాళీ మిగలాలి. ఈ మూడూ దొరికే ఏ పనైనా ఎదురుచూసే రోజులకు మంచి పనే. జీతం బాగుందని రాత్రీపగలూ పీల్చేసే ఉద్యోగంలో చేరి, ఏడాది తిరిగేసరికి అసలు కోరికే మరిచిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఇక అసలు విషయం. ఆమె పెద్ద అవకాశాలు ఎక్కడి నుంచి వచ్చాయో వెతుక్కుంటూ వెనక్కి వెళ్లండి. ఫుట్‌లైట్స్‌లో పరిచయమైన మిచెల్, వెబ్‌లతో కలిసి 2000లో ‘బ్రూయిజర్’ అనే కామెడీ షోలో, 2003 నుంచి ‘పీప్ షో’ సీరియల్‌లో నటించారు. 2007లో ‘హాట్ ఫజ్’ సినిమాలో ఒక పోలీసు వేషం వచ్చింది. పెద్దదేం కాదు. అందులోనే మరో పోలీసు పాత్ర వేసిన నటుడు ప్యాడీ కాన్సిడైన్. దర్శకుడు కావాలని చూస్తున్న ఆయన ‘డాగ్ ఆల్టుగెదర్’ అనే షార్ట్ ఫిల్మ్ తీశారు. అందులో కోల్మన్ ఉన్నారు. ఆ షార్ట్ ఫిల్మే పెరిగి 2011లో ‘టైరనోసార్’ అనే పూర్తి నిడివి సినిమా అయింది.

అప్పటిదాకా ఆమెను చూసి నవ్వుకున్న జనం ఆ సినిమాతో ఉలిక్కిపడ్డారు. పాత బట్టలమ్మే ఓ చారిటీ దుకాణంలో హన్నా అనే భక్తురాలు పనిచేస్తుంటుంది. కోపంతో రగిలిపోతున్న ఒక ముసలాయన లోపలికొచ్చి బట్టల స్టాండు వెనక నక్కుతాడు. ఆమె కేకలు వేయదు, పోలీసులను పిలవదు. నీ కోసం ప్రార్థన చేయనా అని అడుగుతుంది. ఆ మెత్తదనం వెనక ఇంట్లో భర్త పెట్టే నరకం ఉందని మనకు తర్వాత తెలుస్తుంది. సండాన్స్ చిత్రోత్సవంలో ఈ నటనకు ప్రత్యేక జ్యూరీ బహుమతిని ఆమె, పీటర్ ముల్లన్ కలిసి అందుకున్నారు. పన్నెండేళ్లుగా ఆమెలోనే ఉన్న శక్తిని ముందు కనిపెట్టింది పేరున్న నిర్మాణ సంస్థ కాదు, చిన్న వేషంలో పక్కన పనిచేసిన సాటి నటుడు.

ఆస్కార్ తెచ్చిపెట్టిన ‘ది ఫేవరెట్’ సంగతీ అంతే. దర్శకుడు యోర్గోస్ లాంథిమోస్ 2015లో తీసిన ‘ది లాబ్‌స్టర్’లో ఆమెది హోటల్ మేనేజర్ పాత్ర. ఆ పని చూసిన దర్శకుడే తర్వాత రాణి ఆన్ పాత్ర ఇచ్చారు. అందులో ఒక దృశ్యం నటన నేర్చుకునేవాళ్లు పదేపదే చూడాలి. రాణి చక్రాల కుర్చీలో కూర్చుని, తనకు ప్రాణమైన నేస్తం సారా వేరొకరితో నాట్యం చేస్తుంటే చూస్తుంటుంది. కెమెరా ఆమె ముఖాన్ని వదలదు. మొదట సంబరం, తర్వాత తను అలా ఆడలేనన్న దిగులు, ఆ పైన అసూయ. మాట లేదు. ఆఖరికి ఆపమని అరుస్తుంది.

కామెడీ నటి అన్న ముద్రను చెరుపుకోవడం తేలిక కాలేదు. అదే ముద్రలో ఇరుక్కుపోతావన్న ఏజెంట్ సలహాతో ‘పీప్ షో’లో కనిపించడం బాగా తగ్గించుకున్నారు. చేతిలో ఉన్న పనిని తగ్గించుకోవడానికి గుండె ధైర్యం కావాలి. కామెడీని మాత్రం చిన్నచూపు చూడలేదు. 2013 బాఫ్టా టీవీ అవార్డుల్లో ఒకే రాత్రి రెండు అందుకున్నారు, ఒకటి హాస్యానికి, ఇంకొకటి గంభీరమైన పాత్రకు. అదే ఏడాది మొదలైన ‘బ్రాడ్‌చర్చ్’లో డిటెక్టివ్ ఎలీ మిల్లర్‌గా ఇంటింటికీ తెలిసిపోయారు. ‘ది నైట్ మేనేజర్’ నాటికి ఆమె గర్భవతి. ఆమె వేసిన అధికారి మూల నవలలో మగవాడు; ఆ పాత్రను తెర మీద స్త్రీగా మార్చారు, ఆమె గర్భాన్ని కూడా కథలో కలుపుకున్నారు. ఆ పాత్రకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. బిడ్డ పుడితే కెరీర్ అయిపోయినట్టే అని భయపెట్టేవాళ్లకు ఈ ఉదాహరణ చెప్పండి.

నటన వైపు రావాలనుకునే మన పిల్లలకు నా సలహా: షార్ట్ ఫిల్మ్ కదా అని చులకనగా చూడకండి. డైలాగు బట్టీ పట్టి, చెప్పిన టైముకు వెళ్లి, లైట్‌బాయ్‌తో సహా అందరితో మర్యాదగా ఉండండి. ఆ యూనిట్‌లో రేపటి దర్శకుడు ఎవరో మీకు తెలియదు. శిక్షణ కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ ఉంది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా డిగ్రీతో పాటు నాటకాల అనుభవం కూడా అడుగుతుంది కాబట్టి కాలేజీ రోజుల్లోనే రంగస్థలం ఎక్కడం మంచిది.

ఇప్పటికే బ్రిటన్‌లో ఎమ్మెస్సీ చేస్తూ, ఖాళీ దొరికితే షూటింగులకు వెళదామనుకునే తెలుగు విద్యార్థులు ఒక్క విషయం గమనించాలి. డిగ్రీ స్థాయి కోర్సుల్లో ఉన్నవాళ్లకు స్టూడెంట్ వీసా మీద సాధారణంగా టర్మ్ రోజుల్లో వారానికి 20 గంటలు పనిచేసే వీలుంటుంది గానీ, వినోద రంగంలో ప్రొఫెషనల్‌గా పనిచేయడాన్ని, సొంతంగా వ్యాపారం చేసుకోవడాన్ని ఆ వీసా ఒప్పుకోదు. డబ్బులిస్తామని ఎవరైనా వేషానికి పిలిస్తే, ఒప్పుకునే ముందు యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల విభాగంలో అడిగి తెలుసుకోండి.