వినదగిన గ్రంథాలు

మన కళాశాల గ్రంథాలయానికి తెప్పించవలసిన గ్రంథాల పట్టిక తయారు చేసే పని ఈ సంవత్సరం నా వంతు వచ్చినది. పట్టిక వ్రాయడానికి కూర్చున్నప్పుడు నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది పుస్తకం కాదు, ఒక విద్యార్థి. బి.ఏ. రెండవ సంవత్సరం చదువుతున్న అతనికి చూపు లేదు. వసతి గృహంలో ఒక స్నేహితుడు పాఠాలు చదివి వినిపించేవాడు. ఆ స్నేహితుడు జ్వరంతో ఊరికి వెళ్ళి పది దినాలు రాలేదు. పరీక్షలు దగ్గర పడినవి. "వాడు లేకపోతే నాకు పుస్తకం లేనట్లే సార్" అన్నాడు. ఆ పది దినాలు సాయంత్రం పూట నాటక భాగాన్ని నేనే నా ఫోనులో చదివి అతనికి ఇచ్చినాను. ఈ వ్యాసం అక్కడ పుట్టినది.

వినడం చదవడం కాదని కొందరు పెద్దలు అంటారు. ఈ మాట నాకు సమ్మతం కాదు. మన పల్లెలలో పురాణ కాలక్షేపం విని భారత కథ నేర్చిన నిరక్షరాస్యులు ఎందరో ఉన్నారు. ఉర్దూలో దాస్తాన్ చెప్పడం ఒక గొప్ప విద్య. ఢిల్లీ దాస్తాన్‌గో మీర్ బాఖర్ అలీ 1928లో మరణించే వరకు అమీర్ హంజా కథలు చెవి మీదుగానూ సాగినవి. బ్రిటనులో 1935లో అంధుల కొరకు నవలలను గ్రామఫోను రికార్డులపై చదివించి పంపడం మొదలుపెట్టినారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికులు ఆ సేవకు ముఖ్య కారణం. ఇక తెలుగులో 1981లో లండన్ నుండి శ్రీశ్రీ 'మహాప్రస్థానం' ఆయన చేవ్రాతతో, ఆయన కంఠంతోనే చదివిన కాసెట్టుతో వెలువడినది. నేడు ఆడియో పుస్తకమని మనం అంటున్నది తెలుగువారికి అంత కొత్తదేమీ కాదు.

మన పట్టికలో మొదట చేర్చవలసినది గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'. 1892లో మొదట ప్రదర్శింపబడి, 1909లో పెంచి వ్రాయబడిన రూపంలో మనకు దక్కిన ఈ నాటకం కంటికంటె చెవికి దగ్గర. విజయనగరం ప్రాంతపు పలుకుబడిని గురజాడ వినిపించినట్లే వ్రాసినారు. మన జిల్లా విద్యార్థి దానిని పుటపై చూసి తడబడతాడు. అదే మాటను ఎవరైనా సరిగ్గా పలికితే నవ్వుతాడు. ఇది నేను తరగతిలో ఎన్నో మార్లు గమనించినాను. అయితే ఒక చిక్కు ఉన్నది. ఒకే కంఠం చదివినప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియాలి. పాత్ర పేరు ప్రతిసారి చెబితే రసం చెడును. చెప్పకపోతే కథ చెడును. కనుక నలుగురు విద్యార్థులు పాత్రలు పంచుకొని చదవడం మేలు.

రెండవది చిలకమర్తి లక్ష్మీనరసింహం నవల 'గణపతి'. హాస్యం మాట విరుపులో ఉన్నది కనుక వినడానికి అనువైనది. దీనిని ఎన్నుకోవడానికి ఇంకొక కారణం గలదు. చిలకమర్తివారికి చిన్ననాటి నుండి చూపు మందం. తరువాత పూర్తిగా పోయినది. తమ స్వీయచరిత్రను ఆయన నోటితో చెప్పి వ్రాయించినారు. అనగా ఆ గ్రంథం పుట్టుకతోనే శ్రవ్యం. మన అంధ విద్యార్థికి ఈ సంగతి చెప్పినప్పుడు అతడు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత స్వీయచరిత్ర కూడా కావాలని అడిగినాడు.

ఉర్దూలో డిప్యూటీ నజీర్ అహ్మద్ 'మిరాతుల్ ఉరూస్' (1869) ముందు వరుసలో నిలుచును. అక్బరీ, అస్గరీ అనే అక్కచెల్లెళ్ళ కథ. ఢిల్లీ ఇళ్ళలో స్త్రీలు మాట్లాడిన ఉర్దూ అందులో ఉన్నది. దానిని విద్యార్థినులు చదివి రికార్డు చేయడమే న్యాయం. హైదరాబాదులో ఉద్యోగం చేసిన ఫర్హతుల్లా బేగ్ తన గురువైన నజీర్ అహ్మద్‌ను గురించి వ్రాసిన హాస్య స్మృతులు దాని తరువాత వినవచ్చును. ప్రేంచంద్ 'ఈద్‌గాహ్' చిన్నది. ఒక్క కూర్చోవడంలో ముగియును. పద్యం కోరేవారికి పిఠాపురం కవి ఉమర్ ఆలీషా చేసిన ఖయ్యాం అనువాదం ఉన్నది.

ఈ రచయితలనే ఎంచుకోవడంలో చట్టపు ఆలోచన కూడా ఉన్నది. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభం నుండి 60 సంవత్సరాలు హక్కులు ఉండును. పైన చెప్పినవారందరికీ ఆ గడువు దాటినది. వారి రచనలను ఎవరైనా చదివి ఎవరికైనా ఇవ్వవచ్చును. శ్రీశ్రీ 1983లో మరణించినారు కనుక 2043 చివరి వరకు ఆ స్వేచ్ఛ లేదు. కాని 2012 సవరణ ప్రకారం చూపు లేనివారి కొరకు, లాభాపేక్ష లేకుండా, ప్రభుత్వ గుర్తింపు గల విద్యాసంస్థ హక్కులున్న గ్రంథాన్ని సైతం శ్రవ్య రూపంలోనికి మార్చవచ్చును. ఆ ప్రతి వారికి మాత్రమే చేరవలెను. 2016లో ఆరంభమైన 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైను గ్రంథాలయం ఇట్టివారి కొరకే ఉన్నది. అందులో మన విద్యార్థిని సభ్యునిగా చేర్పించడం తక్షణ కర్తవ్యం.

మన కళాశాలకు ప్రత్యేకమైన సంగతి మరొకటి చెప్పవలెను. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారు బజారులో తెలుగు ధారాళంగా మాట్లాడుదురు. తెలుగు పుట చూస్తే వెనుకాడుదురు. తెలుగు మాధ్యమం వారిలో పలువురికి ఇంట ఉర్దూ, చేతికి ఉర్దూ లిపి రాదు. ఈ ఉభయులూ పుస్తకం ఎదుట పెట్టుకొని, చదివే కంఠాన్ని వ్రేలితో అనుసరించవలెను. ఒకనాడు ఒక పుట చాలును. పుస్తకం లేకుండ వినుట కాలక్షేపానికి మంచిదే గాని లిపి నేర్పదు. ఉచ్చారణ విషయంలో రాజీ పనికిరాదు: తెలుగులో శ, ష, స ల భేదం, ఉర్దూలో కాఫ్, ఖాఫ్ ల భేదం తెలిసినవారే చదవవలెను. నేనూ ఖాఫ్ దగ్గర ఉర్దూ శాఖవారిచేత రెండు మార్లు దిద్దించుకొన్నాను.

కమిటీవారికి నా విన్నపం స్వల్పం. గ్రంథాలయం వెనుక ఉన్న సామాను గదిని ఖాళీ చేయించి, కిటికీకి మందమైన తెర, ఒక రికార్డింగు యంత్రం, నాలుగు హెడ్‌ఫోనులు ఇప్పించిన చాలును. చదివేవారు మనలోనే ఉన్నారు.

నా తొలి రికార్డింగు విన్న ఆ విద్యార్థి ధన్యవాదాలు చెప్పి, కొంచెం జంకుతూ, "సార్, గిరీశం, వెంకటేశం ఒకే గొంతులో మాట్లాడుతున్నారు" అన్నాడు. ఆ అంకం మళ్ళీ చదవవలసి ఉన్నది. వెంకటేశం పాత్రకు కంఠం కావలెను. ఆసక్తి గల విద్యార్థులు గురువారం సాయంత్రం నాలుగు గంటల తరువాత నన్ను గ్రంథాలయంలో కలుసుకొనగలరు.