అమ్మమ్మ పుస్తకానికి పేజీ కట్టే ముందు

చి. బుజ్జికి,

నువ్వు పంపిన పీడీఎఫ్ చూశాను. అమ్మమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి స్క్రాప్‌బుక్ చేసివ్వాలన్న ఆలోచన ముచ్చటగా ఉంది. ఫోన్లలో, బీరువాల్లో, ఎక్కడెక్కడో పడి ఉన్న ఫోటోలన్నీ ఒకచోటికి చేర్చావు. అక్కడికి సగం పని అయినట్టే. మిగతా సగం గురించి, ఇన్నేళ్ళూ వారపత్రికలో పేజీలు పెట్టి బతికినవాణ్ణి కనక నాలుగు మాటలు చెప్తాను. నొచ్చుకోకు.

నీ పేజీల్లో అన్నీ ఉన్నాయి. అన్నీ ఒకేసారి పిలుస్తున్నాయి, అదే చిక్కు.

పుష్కరాల పేజీనే తీసుకో. 2015లో కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గర తీసినవి తొమ్మిది ఫోటోలు పెట్టావు. అన్నీ ఇంచుమించు ఒకే సైజు, ఒక్కోటీ ఒక్కో వైపు వంగి ఉంది. చుట్టూ బంతిపూల ఫ్రేములు, వెనకాల గోదావరి ఫోటో, పైన మెరుపుల అక్షరాల్లో ‘స్వీట్ మెమొరీస్’. కన్ను ఎక్కడ ఆగాలో తెలీక తిరుగుతూనే ఉంటుంది. పేజీ మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకో: చూసేవాళ్ళకి ముందు ఏది కనపడాలి? దానికి జవాబు తేలితే తక్కిన నిర్ణయాలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ఆ తొమ్మిదింట్లో అమ్మమ్మ అరటిదొప్పలో దీపం పెట్టి నీళ్ళలో వదులుతున్నది ఉంది చూడు, ఆ పేజీ దానిది. సగం పేజీ దానికే ఇచ్చెయ్. ఆవిడ మొహం మనకి కుడివైపుకి తిరిగి ఉంది కాబట్టి ఫోటో ఎడమ పక్కన పెట్టు. చూపు పేజీ లోపలికి పోవాలి; కుడి అంచున పెట్టావంటే పుస్తకంలోంచి బయటికి చూస్తున్నట్టుంటుంది. మూలన ఎవరిదో ప్లాస్టిక్ సంచీ పడింది, దాన్ని క్రాప్ చేసెయ్. తడిబట్టలతో తాతయ్య, నీళ్ళలో పిల్లలు, మెట్ల మీద మనవాళ్ళంతా ఉన్నది, ఈ మూడూ చిన్నవిగా, ఒకే ఎత్తున, ఒకే ఎడంతో కింద వరసగా పెట్టు. మిగిలిన అయిదూ తీసెయ్. మనసొప్పకపోతే ఇంకో పేజీకి దాచుకో. ఖాళీ మిగిలిందని బెంగపడకు. పెళ్ళి ఆల్బమ్‌లు చూసి చూసి మనకి పేజీలో జానెడు జాగా ఖాళీగా కనిపిస్తే డబ్బులు దండగయ్యాయనిపిస్తుంది. బాపు గారి బొమ్మలు ఒకసారి తీసి చూడు, తెల్ల కాగితాన్ని ఎంత ధైర్యంగా వదిలేసేవారో!

రాబిన్ విలియమ్స్ అనే ఆవిడ (సినిమా నటుడు కాదు, పేరొకటే) 1994లో డిజైనర్లు కానివాళ్ళ కోసం ఒక చిన్న పుస్తకం రాసింది. అందులో కాంట్రాస్ట్, రిపిటిషన్, అలైన్‌మెంట్, ప్రాక్సిమిటీ అని నాలుగు సూత్రాలు చెప్పింది. పెద్దదాన్ని నిజంగా పెద్దదిగా, చిన్నవాటిని నిజంగా చిన్నవిగా ఉంచడం మొదటిది. అది పైన చెప్పాను. అలైన్‌మెంట్ అంటే చుక్కల ముగ్గు లాంటిదే. ముందు గైడ్ గీతలు వేసుకుని, ఫోటో ఎడమ అంచూ దాని కింది రాత ఎడమ అంచూ ఒకే గీత మీద ఉండేట్టు చూడు. పూర్తయ్యాక గీతలు ఎవరికీ కనపడవు గానీ, పేజీ కుదురుగా ఉందన్న సంగతి అందరికీ తెలుస్తుంది. ప్రాక్సిమిటీ అంటే ఏ ఫోటో సంగతి ఆ ఫోటో పక్కనే ఉండాలి. నువ్వు అన్నీ అడుగున పేరాగా పెట్టావు, ఎవరెవరో వెతుక్కోవాల్సొచ్చింది. ఇక రిపిటిషన్: తేదీ, ఊరు ప్రతి పేజీలో ఒకే చోట, ఒకే అక్షరంలో రానీ. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

రంగుల కోసం ఎక్కడో వెతకకు. ఐడ్రాపర్‌తో అమ్మమ్మ చెంగావి చీర మీద నొక్కి ఆ రంగు తీసుకో, శీర్షికకి అది చాలు. వెనకాల లేత గంధం రంగు వెయ్యి. గోదావరి ఫోటో వెనకనుంచి తీసెయ్. అలల మీద అక్షరాలు చదవలేకపోతున్నాం. స్టిక్కర్లకీ ఫ్రేములకీ నీడలు వేశావు కదా, కొన్నిటికి కుడివైపు పడింది, కొన్నిటికి ఎడమవైపు. వెలుతురు ఒక దిక్కునుంచే వస్తుంది తల్లీ. ఫోటోషాప్‌లో గ్లోబల్ లైట్ టిక్ పెడితే అన్నీ ఒక దారికొస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి, తెలుగు అక్షరాలు. ఇంగ్లీషు టెంప్లేట్‌లో తెలుగు పోస్తే సరిపోదు. మనకి పైన గుళ్ళు, కింద వత్తులు ఉంటాయి. టెంప్లేట్‌లో ఉన్న లైన్ స్పేసింగ్ అలాగే వదిలేస్తే పై వరసలో ‘లక్ష్మి’ వత్తులు కింది వరసలో ‘శ్రీ’ గుడిదీర్ఘానికి తగులుతాయి. నీ మూడో పేజీలో అదే జరిగింది. వరసల మధ్య ఎడం ధారాళంగా పెంచు. అక్షరాల చుట్టూ స్ట్రోకూ గ్లో వెయ్యకు. ప, ఫ, ష ల మధ్య తేడా ఒక చిన్న గీత, ఆ మందంలో అది కాస్తా పూడుకుపోతుంది. సన్నటి కాలమ్‌లో రెండు పక్కలా జస్టిఫై చెయ్యకు, మన మాటలు పొడుగు, మధ్యలో గోతులు పడతాయి. ఎడమకి పెట్టి వదిలెయ్. శీర్షికకి రామభద్ర, రాతకి మండలి సరిపోతాయి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పుస్తకం మొత్తానికి ఈ రెండే. పాత వెర్షన్ ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తే టైప్ ప్రిఫరెన్సుల్లో ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ ఎంచుకో. రాత 14 పాయింట్లకి తగ్గనివ్వకు, చదవాల్సింది అమ్మమ్మ.

అచ్చు విషయం క్లుప్తంగా. నీ పేజీ 12 అంగుళాల చదరం కాబట్టి అంగుళానికి 300 పిక్సెళ్ళ లెక్కన 3600 పిక్సెళ్ళ చదరం కావాలి. వాట్సాప్‌లో నలిగి వచ్చిన 1600 పిక్సెళ్ళ ఫోటో అయిదంగుళాలు దాటితే పలచబడిపోతుంది. అసలు ఫోటో డాక్యుమెంటుగా పంపించమను. అంచునుంచి అరంగుళం లోపల మొహాలూ అక్షరాలూ ఉండకూడదు, కటింగులో పోతాయి. రెండు పేజీల మీద ఒకే ఫోటో పరిస్తే మడత ఎవరి ముక్కు మీద పడుతుందో చూసుకో.

అమ్మమ్మ పెళ్ళి ఫోటో జోలికి మాత్రం పోకు. రంగులు వెయ్యడం, ఆ వంకీల తెల్ల అంచు కత్తిరించడం, రెండూ వద్దు. వెనకాల తాతయ్య చేత్తో రాసిన తారీఖు ఉంది కదా, దాన్ని స్కాన్ చేసి పక్కనే పెట్టు. డౌన్‌లోడ్ చేసిన పూలూ రిబ్బన్లూ కలిపినా ఆ ఒక్క సిరా గీతకి సాటి రావు.

ఇంకొక్క మాట. ఆ ఫోటోలో వెనక వరసలో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళెవరో నాకు తెలీదు, మీ అమ్మకీ తెలీదు. అమ్మమ్మకి ఈ మధ్య మరుపు ఎక్కువవుతోంది. ఈ ఆదివారమే వెళ్ళి పక్కన కూర్చుని పేర్లు అడిగి రాసుకో. లేఅవుట్ పని ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆశీస్సులతో,
మీ మామయ్య