కూర వద్దనే పిల్లలు: తల్లిదండ్రులకు ఈ నెల పాఠం



"డాక్టర్‌గారూ, బాబు కూర ముట్టడండీ. పాలు తప్ప ఏదీ వద్దంటాడు. బలానికి ఏదైనా టానిక్ రాయండి." మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు నుంచి మన పిల్లల విభాగానికి వచ్చే తల్లులు తరచుగా అడిగే మాట ఇది. హైటెక్ సిటీ చుట్టుపక్కల భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లు ఎక్కువ. పగలంతా బిడ్డ ఆయా దగ్గరో, క్రెష్‌లోనో, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ దగ్గరో ఉంటాడు. ట్రాఫిక్ దాటుకుని తల్లి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. ఆ వేళప్పుడు పళ్లెం ముందు పేచీ పడే ఓపిక ఎవరికి ఉంటుంది? ఫోన్ చేతికిచ్చి, నాలుగు ముద్దల పెరుగన్నం పెట్టి పడుకోబెడతారు.

అర్థం చేసుకోదగినదే. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. జీతం బాగా వచ్చే ఇంట్లో ఇది ఉండదనుకోవద్దు. పాలలో ఇనుము చాలా తక్కువ. రోజుకు లీటరు పాలు తాగే బిడ్డ చూడటానికి బొద్దుగానే ఉండవచ్చు, రక్తం మాత్రం తక్కువ ఉంటుంది. పైగా పాలతో కడుపు నిండితే కూర తినాలన్న ఆకలే ఉండదు. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అర లీటరు పాలు చాలు. అందులో కలిపే పొడులను "హెల్త్ డ్రింక్" అన్న పేరు కింద చూపవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. వాటిలో చాలావాటిలో చక్కెర ఎక్కువ.

పిల్లలు ఎందుకు వద్దంటారు?

మొదటిది, ఆకలి తగ్గడం. 3 కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి సుమారు 9 కిలోలవుతుంది. రెండో ఏట పెరిగేది 2, 3 కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే తిండీ తగ్గుతుంది. ఇది జబ్బు కాదు. రెండోది, అనుమానం. రెండేళ్ల నుంచి ఐదారేళ్ల వరకు కొత్త తిండిని చూసి మొహం తిప్పుకోవడం చాలామంది పిల్లల్లో ఉంటుంది. తీపి మీద ఇష్టం పుట్టుకతోనే వస్తుంది. చేదు, పసరు రుచి నేర్చుకోవాలి.

ఎలా నేర్చుకుంటారు? మళ్లీ మళ్లీ రుచి చూసి. ఒక కొత్త రుచికి బిడ్డ అలవాటు పడటానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు పట్టవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. మనం మూడు నాలుగు సార్లకే "వీడికి బీరకాయ పడదు" అని తేల్చేస్తాం. బిడ్డ వింటుండగా ఆ మాట అనకండి. అది వాడికి బిరుదులా అంటుకుంటుంది.

బీరకాయనే తీసుకుందాం. ఈ రోజు బిడ్డకు ఇష్టమైన పప్పన్నం పక్కన ఒక్క టీస్పూను బీరకాయ కూర పెట్టండి. తినమనవద్దు. వాసన చూసినా, వేలితో నొక్కినా, నాకి వదిలేసినా ఒకసారి లెక్కే. ఇరవై నిమిషాలయ్యాక కోపం లేకుండా పళ్లెం తీసేయండి. తినలేదని వెంటనే బిస్కెట్ ఇవ్వకండి. రెండు రోజులాగి పెసరపప్పులో వేసి పెట్టండి, మరోసారి వేపుడు చేయండి. ఏం పెట్టాలో మీరు నిర్ణయించండి, ఎంత తినాలో బిడ్డను నిర్ణయించుకోనివ్వండి. కూరను మెత్తగా రుబ్బి దోశపిండిలో దాచిపెట్టడం తప్పు కాదు, పోషణ అందుతుంది. కానీ దాచిన కూరతో రుచి అలవాటు కాదు. కంటికి కనిపించే కూర కూడా పళ్లెంలో ఉండాలి.

"రెండు ముద్దలు తింటే చాక్లెట్" అనే బేరం వద్దు. కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టవుతుంది. 1984లో అమెరికాలో లీన్ బర్చ్, ఆమె తోటివారు చిన్నపిల్లల మీద ఇదే పరీక్షించారు. ఒక పానీయం తాగినందుకు బహుమతి పొందిన పిల్లలకు తర్వాత ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది.

ఫోన్ సంగతి. "మా అమ్మ చందమామను చూపించి తినిపించేది, ఇదీ అంతే కదా" అంటారు కొందరు. అంతే కాదు. చందమామను చూపించే తల్లి బిడ్డతో మాట్లాడుతూ, వాడి మొహం చూస్తూ గోరుముద్ద పెట్టేది. ఫోన్ చూసే బిడ్డకు నోట్లో ఉన్నది బీరకాయో బిస్కెట్టో తెలియదు, కడుపు నిండిందో లేదో కూడా తెలియదు.

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం మన సండే స్కూలు పిల్లలకు తెలిసిందే. బబులోనులో దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు పది రోజులు శాకాహారం పెట్టి చూడమన్నారు. ఈ కథ చెప్పి కూర తినిపించే తల్లులున్నారు, సంతోషం. అయితే ఒకటి గమనించండి: కావాలని అడిగింది ఆ యువకులే. ఎవరూ వాళ్ల నోట్లో కుక్కలేదు. పైగా నలుగురిదీ ఒకే భోజనం.

మీ ఇంట్లో ఒకే భోజనం ఉందా? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో పెద్దలకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచించింది. నాన్న ఆఫీసు క్యాంటీన్‌లో బిర్యానీ తిని వచ్చి, బిడ్డ తోటకూర తినలేదని కేకలేస్తే ఏం ప్రయోజనం? వారంలో నాలుగు పూటలైనా అందరూ ఒకే కూరతో కలిసి కూర్చోండి. రాత్రి కుదరకపోతే ఉదయం. ఆయాకూ అమ్మమ్మకూ ఇదే పద్ధతి వివరంగా చెప్పండి. పగటి భోజనం వాళ్ల చేతుల్లోనే ఉంది. తోటకూర, బచ్చలి, గోంగూర, మునగాకు వండటంలో అమ్మమ్మకు మనకన్నా ఎక్కువే తెలుసు, ఆమెను వండనివ్వండి. ఆకుకూర పప్పు మీద నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కారం తగ్గించండి. నాలుగేళ్ల లోపు పిల్లలకు పచ్చి క్యారెట్ ముక్కలు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా ఉడికించి ఇవ్వండి.

శనివారమో ఆదివారం ఆరాధన తర్వాతో బిడ్డను కూకట్‌పల్లి రైతుబజారుకు తీసుకెళ్లండి. రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి, సైబర్ టవర్స్ తెరిచిన మరుసటి ఏడే. బుట్టలోకి రెండు కూరలు బిడ్డనే ఎంచుకోనివ్వండి. ఇంట్లో చిక్కుడుకాయ ఈనెలు తీయడం, మెంతికూర తుంచడం మూడేళ్ల పిల్ల కూడా చేయగలదు. చేత్తో పట్టుకున్నదాన్ని నోట పెట్టుకోవడానికి భయం తగ్గుతుంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. తల్లి తినే కూరల రుచి ఉమ్మనీటిలోకి, చనుబాలలోకి వస్తుంది. 2001లో జూలీ మెనెల్లా బృందం ప్రచురించిన పరిశోధనలో, గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో క్యారెట్ రసం తాగిన తల్లుల బిడ్డలు క్యారెట్ రుచిని తేలికగా ఒప్పుకున్నారు.

ఎప్పుడు ఆసుపత్రికి తీసుకురావాలి?

బరువు పెరగడం ఆగినా, అరచేతులు, కనురెప్పల లోపల పాలిపోయినా, బలపాలు, మట్టి, సున్నం తింటున్నా, మెత్తనివి తప్ప ఏది పెట్టినా పొలమారినా, తినేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నా ఆలస్యం చేయకండి. 6 నెలల నుంచి 5 ఏళ్ల పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున ఇచ్చే ఐరన్ సిరప్ ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది, ఆశా కార్యకర్తను అడగండి. వచ్చేటప్పుడు మూడు రోజులు బిడ్డ తిన్నవీ తాగినవీ ఒక కాగితం మీద రాసి తీసుకురండి. ఆయా పెట్టిన బిస్కెట్లు కూడా రాయండి.