ఘంటానాదము – శ్రోత్రేంద్రియము

ముక్త్యాలలో కృష్ణ ఒడ్డున కన్నులు మూసుకొని జపం చేసుకొనేవారికి ముక్తేశ్వరస్వామివారి గంట ఏ దిక్కున మోగినదో ఒకరు చెప్పనక్కరలేదు. ఆ దిక్కు మనకెట్లు తెలుస్తున్నది? తర్కం చదువుకొన్న నాకు ఈ ప్రశ్న డెబ్బదేండ్లు దాటిన పిమ్మట గాని తోచలేదు.

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారు శబ్దం ఆకాశగుణమని, శ్రోత్రగ్రాహ్యమని ఎరుగుదురు. అది చెవిని చేరే తీరును మన శాస్త్రం వీచీతరంగన్యాయంతో, కదంబగోళకన్యాయంతో చెప్పినది. అటుపై దారిని నేటి వైద్యులు చూపినారు. లోపలిచెవిలో నత్తగుల్లవంటి భాగంలోని రోమకణాలు ధ్వనికి కదులుతాయి. ఆ కదలిక విద్యుత్సంకేతమై శ్రవణనాడి ద్వారా మెదడుకాండాన్ని చేరుతుంది. అక్కడి నాడీకణాలు, తాళం తప్పని మార్దంగికుని వలె, ధ్వని లయననుసరించి స్పందిస్తాయి. గంట కుడివైపున మోగితే ధ్వని ఎడమచెవికి రవంత ఆలస్యంగా చేరుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, తల వెడల్పో జానెడు. ఆ ఆలస్యం సెకనులో వెయ్యవవంతు కూడ ఉండదు. రెండు చెవుల వార్తలు కలిసే చోటి కణాలు అంతటి స్వల్పభేదాన్నీ పట్టుకొంటాయి. మన నిమేషం దీని ముందు యుగం!

ఇది పాండిత్యం కొరకు వ్రాయడం లేదు. కొన్నేండ్ల క్రిందట మా బంధువుల అమ్మాయి పసివాణ్ణి ఎత్తుకొని వచ్చి, "పెదనాన్నగారూ, పిలిస్తే పలకడం లేదండీ" అన్నది. నేను వాడి ఎదుట గంట మోగించాను. వాడు తల త్రిప్పాడు. "వినబడుతున్నదమ్మా, మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అన్నాను. వాడు చూచినది నా చేతిని. తల త్రిప్పడం వినికిడికి హేతువనుకొన్నాను; కంటితో చూచినా త్రిప్పవచ్చును గదా! సవ్యభిచారహేతువును ఎందరికో బోధించిన నేనే దానికి లోబడినాను. నా మాటను నమ్మి వారు ఏడాదికి పైగా ఊరుకొన్నారు.

ఇందుకు బెరా అనే పరీక్ష ఉన్నది. బిడ్డ నిద్రిస్తుండగా నుదుట, చెవుల వెనుక బిళ్ళలంటించి టిక్కుటిక్కుమనే ధ్వని వినిపిస్తారు. మెదడుకాండం వరకు వార్త చేరుతున్నట్లయితే పది మిల్లీసెకన్లలోపల వరుసగా ఐదు తరంగాలు కనబడతాయి. 1971లో జ్యూవెట్, విల్లిస్టన్ అనేవారు వీటిని వివరించారు. నొప్పి ఏమీ లేదు. పుట్టిన కొద్దినాళ్ళకే చేయించవచ్చును. లోపలిచెవి పనిచేయని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చే శస్త్రచికిత్సను, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో చేర్చినారు. మాటలు నేర్చే వయస్సు దాటిపోతే దాని ఫలం తగ్గుతుంది. కనుక శంక కలిగిన తలిదండ్రులు నావంటివాని గంటను నమ్మి ఆగవద్దు.

ఆ పిల్లవానికి ఒక చెవికి యంత్రం అమర్చినారు. మొన్న శివరాత్రికి వచ్చాడు. గంట మోగగానే నా ఉత్తరీయం పట్టుకొని, "తాతా, గంట! ఎటు?" అని నాలుగు దిక్కులూ వెదికాడు. రెండవ చెవి వార్త లేదు గదా. వాడి వేలు పట్టుకొని గంట వైపు త్రిప్పాను.